మామ కుర్చీ, నా జిగురు

మా మేనమామ ఎండేసియా కోటు నాది. ఆయన బతికుండగానే నాది. మా మరగోలి తెగలో మగాడు పోతే, పాతిపెట్టిన నాలుగో రోజు ఇంట్లో వాళ్ళకి తలలు గొరిగి, ఆ తర్వాత పెద్దలు కూర్చుని ఆయన బట్టలు పంచుతారు. పై కోటు మేనల్లుడికి. ఇందులో వాదన లేదు.

నా ఎనిమిదో ఏట మా నాన్న తాగొచ్చి నన్ను గెంటేస్తే, మామ వానలో సైకిలేసుకొచ్చి, ఆ గోధుమరంగు ఉన్ని కోటులో నన్ను చుట్టి, ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని చవకలిలో తన ఇంటి దాకా తొక్కాడు. లోపలంతా పొగాకు వాసన. ఆ రోజు నుంచి ఆ కోటు మీద నా కన్ను. దాని మూడో బొత్తాం ఊడిపోతే అత్త ఎక్కడిదో పెద్ద ఎర్ర బొత్తాం తెచ్చి కుట్టింది. ఊరంతా నవ్వింది. మామ మాత్రం తీయనివ్వలేదు. ఆ ఎర్ర బొత్తాంతో సహా నాకు కావాలి.

మామని మంగళవారం పాతిపెట్టాం. శుక్రవారం పంపకాలు. మధ్యలో గురువారం పొద్దున్నే కగేహా అత్త కబురు పెట్టింది. స్ప్రే జిగురు డబ్బా తీసుకుని రమ్మంది. నేను చవకలి రోడ్డు పక్కన సోఫాలు చేస్తాను. నా పనికి వంక పెట్టేవాడు ఆ రోడ్డు మీద లేడు. అందుకే వెళ్ళీ వెళ్ళగానే నాకు తిక్క రేగింది.

"కుర్చీ వీపు విప్పాలా? ఎందుకు? నేను చేసిందేగా, రెండేళ్ళు కూడా కాలేదు."

"గుచ్చుకుంటోంది."

"ఎవరికి? అది మామ కుర్చీ. నువ్వెప్పుడు కూర్చున్నావందులో?"

"ఇకనుంచి కూర్చుంటా. నోరు మూసుకుని పని చూడు."

లోపలికెళ్ళి ఒక మూట తెచ్చింది. పాత దుప్పటి గుడ్డలో నాలుగు వైపులా కుట్టేసిన బల్లపరుపు మూట, టీ ట్రే అంత వెడల్పు. దాన్ని స్పాంజికి అంటించి పైన కవరు మళ్ళీ కుట్టేయమంది.

"ఏముంది ఇందులో?"

"పాత రగ్గు."

"రగ్గెందుకత్తా? నా దగ్గర మంచి స్పాంజి ఉంది, గంటలో తెస్తా."

"అసవా, నీకు చెవుడొచ్చిందా?"

నాకేమీ అర్థం కాలేదు. మొగుణ్ణి పాతిపెట్టి రెండు రోజులు. రేపు ఇంటి నిండా జనం. ఈవిడకి ఈ పూట కుర్చీ వీపు సంగతి ఎందుకు పట్టింది? దుఃఖంలో మనిషి కదా అని సర్దుకున్నాను.

"సరే, ముందు ఆ బొగ్గుల కుంపటి బయట పెట్టు. ఈ జిగురు ఆవిరికి నిప్పు తగిలిందంటే నువ్వూ నేనూ కలిసి మామ దగ్గరికే."

"టీ కాగుతోందిరా."

"బయటే కాగనీ."

కుంపటి బయటికి పోయింది. తలుపులూ కిటికీలూ బార్లా తీశాను. డబ్బా బాగా ఆడించి, జానెడు దూరం నుంచి స్పాంజి మీద అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొట్టాను. మూటకి కూడా ఒక వైపు అలాగే కొట్టాను. బ్రష్షుతో పూసే జిగురైతే స్పాంజి మీద గడ్డలు కడుతుంది. ఇది సాలెగూడులా పల్చగా పడుతుంది. అంతలో అత్త మూట ఎత్తి పెట్టేయబోయింది.

"ఆగాగు! తడి మీద పెడితే పట్టదు. రెండు వైపులా ఆరాలి. వేలు పెడితే జిగటగా ఉండాలి, కానీ వేలికి రాకూడదు. అప్పుడు కలిపితే ఇక అంతే."

"అంతే అంటే?"

"ఊడదు. ఒకసారి తాకిందంటే జరపడానిక్కూడా ఉండదు. లాగితే స్పాంజి చిరుగుతుంది గానీ జిగురు వదలదు."

"ఎవరైనా కుర్చీ ఎత్తి దులిపినా లోపల కదలదా?"

"కదలదు."

"తడిమితే పక్కకి జారదా?"

"జారదన్నానుగా! కుర్చీని తడమడానికి ఎవడికి పని లేదత్తా?"

జిగురు ఆరే ఆ ఐదారు నిమిషాలూ ఆవిడ చంటిపిల్లకి పాలు చల్లార్చినట్టు ఆ మూట మీద ఊదుతూ కూర్చుంది. నేను నుంచుని బుర్ర గోక్కున్నాను. ఆరాక అంచు చూసుకుని ఒక్కసారే పెట్టి, మధ్యలోంచి అంచులకి అరచేత్తో గట్టిగా నొక్కాను. ఒకచోట చేతికి గుండ్రంగా, గట్టిగా ఏదో తగిలింది.

"ఇదేమిటి?"

"ముడి."

"రగ్గుకి ముడేమిటి?"

"నీ బుర్రకి లేవూ? కుట్టు ఇక."

కుట్టాను.

శుక్రవారం తలలు గొరగడం అయింది. పెద్దాయన అంబాని గుమ్మం ఎదురుగా కూర్చుని పంపకం మొదలుపెట్టాడు. చొక్కాలు తమ్ముళ్ళకి పోయాయి. వాన బూట్లు మా కజిన్ కిసియాకి. ఆఖరున ఆయన నా వైపు చూసి నవ్వాడు.

"ఇక మేనల్లుడిది. కోటు పట్రండి."

కోటు రాలేదు. ఆడవాళ్ళు పెట్టె బోర్లించారు, మంచం ఎత్తి చూశారు, వంటిల్లు వెతికారు. లేదు. పాతిపెట్టిన రోజు వచ్చిన జనంలో ఎవడో ఎత్తుకుపోయి ఉంటాడని ఒకరన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా కోటు తీసిందెవరు? అది కనబడకపోతే ఈ ఇంట్లో మొక్కజొన్న ఉగాలి ముద్ద ముట్టను. చెప్తున్నా, మళ్ళీ ఈ గడప తొక్కను!"

అందరూ హడలిపోయారు. మేనల్లుడు అలిగి వెళ్ళిన ఇల్లు బాగుపడదని మా వాళ్ళ భయం. అంబాని అటూ ఇటూ చూసి ముక్కు ఎగబీల్చాడు.

"అసలీ ఇంట్లో ఏమిటీ వాసన? పెట్రోలా?"

"నా జిగురులే," అన్నాను చిరాగ్గా.

అన్నాక అత్త వైపు చూశాను. మామ కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ లేవలేదు. టీ ఇస్తే అందుకోవడానికి కూడా ముందుకి వంగలేదు. తన వీపు కుర్చీ వీపుకి ఆనించి, గొరిగిన తలతో, కదలకుండా. నా అరచేతికి నిన్నటి ఆ గుండ్రటిది గుర్తొచ్చింది.

నా కోటుని నా చేత్తోనే, నా జిగురుతోనే, ఊడదని మూడుసార్లు చెప్పి మరీ అంటించాను. అత్త దొంగా? మొగుడి కోటు తీసుకుంటే దొంగతనమా? నన్నెందుకు పిలిచింది, వేరే మేస్త్రీలు చచ్చారా? అరవాలో నవ్వాలో తెలియలేదు.

"చూడు నాయనా," అన్నాడు అంబాని, "నువ్వు అలగకూడదు. కోటుకి బదులు ఇంకోటి కోరుకో. ఇదిగో, మీ మామ కూర్చున్న కుర్చీ. కోటు కన్నా గొప్పది. అమ్మా కగేహా, లే తల్లీ."

అత్త లేవలేదు. నా మొహంలోకి చూసింది. బతిమాలుతున్నట్టు లేదు. వద్దన్నట్టూ లేదు. కుర్చీ చేతుల మీద వేళ్ళు మాత్రం బిగుసుకున్నాయి.

"ఆ కుర్చీయా?" అన్నాను. "నాకొద్దు."

"ఏం? నువ్వు చేసిందేగా?"

"అందుకే వద్దంటున్నా. చవక చెక్క. పురుగు పట్టింది. వీపంతా గడ్డలు. చెయ్యి తిరగని రోజుల్లో చేశాను."

ఇల్లంతా గొల్లున నవ్వింది. కిసియా లేచాడు. "ఒరేయ్, మరి నేను నీకు చెయ్యమని చెప్పిన సోఫా సెట్టు? అది కూడా ఇలాగే ఏడుస్తుందా?"

నా పనిని అంతమందిలో నేనే తిట్టుకున్నాను. చెవులు కాలిపోయాయి. మామ టోపీ ఇవ్వమన్నాను. ఇచ్చారు. ఉగాలి తిన్నాను.

మధ్యాహ్నం జనం వెళ్ళాక అత్త పిలిచింది.

"దొంగముండ అనుకుంటున్నావు కదూ?"

"ఏమనుకోవాలో తెలీటం లేదత్తా. అడిగితే ఇచ్చేవాణ్ణి కదా!"

"నువ్విస్తావురా. వాళ్ళు ఉంచుకోనివ్వరు. పోయినవాడి బట్ట పెళ్ళాం దాచుకోకూడదట. ఎవడు పెట్టాడో ఈ లెక్క."

"మరి నన్నెందుకు పిలిచావు? అది నాదని తెలిసి?"

"నీది కాబట్టే. ఇంకొకడి చేత పెట్టిస్తే అది దొంగతనం."

"జిగురుతో పాడైపోయుంటుంది," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"నీ జిగురు పై గుడ్డకే. లోపల ఇంకో రెండు గుడ్డలు చుట్టి కుట్టాను. నీ వస్తువు పాడు చేస్తానా? నేను పోయాక వచ్చి విప్పుకో. దాన్ని చిరగకుండా తీయడం పెట్టినవాడికే తెలుస్తుంది." కుర్చీలోంచి లేచింది. "కాసేపు కూర్చో."

కూర్చున్నాను. వెనక్కి వాలాను. భుజం కింద గుండ్రంగా తగిలింది. అంత పెద్దదంటే ఎర్రదే అయ్యుంటుంది. వాన, సైకిలు, మామ గడ్డం, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి, నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ కోటు నా దగ్గరున్నట్టో లేనట్టో నాకిప్పటికీ తెలియదు.

అత్త నన్ను చూడనట్టే గుమ్మం దాకా వెళ్ళి, బయట కుంపటి ముందు నుంచుంది.

"ఒరేయ్ మేస్త్రీ, జిగురు ఆరిందా? ఇప్పుడు దీన్ని లోపల పెట్టుకోవచ్చా?"

"ఆరింది," అన్నాను. "పెట్టుకో."