అడుగులు తుడిచేవాడు

కూలివాడు గురువులు వెనక్కి నడుస్తూ, ఇసుక మీది అడుగుల్ని ఈతమట్టతో తుడుస్తున్నాడు. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లో సినిమా తీస్తున్నారు. కథ ప్రకారం అక్కడ మనిషి అడుగే పడి ఉండకూడదు. షాటు షాటుకీ యూనిట్ అంతా తొక్కేస్తుంది. తొక్కిందల్లా తుడవడం అతని పని. ఇంత ఎర్రమట్టి వెతుక్కుంటూ వచ్చి, తీస్తున్నది మాత్రం నలుపు తెలుపు సినిమా. పెద్దవాళ్ల సంగతులు మనకెందుకని గురువులు అడగలేదు.

అంతకుముందు పోర్టులో ముడి ఇనుము రాసుల దగ్గర ఊడ్చేవాడు. ఆ ధూళి రొమ్ములోనే ఉండిపోయింది. నాలుగుసార్లు మట్ట ఊపితే ఆయాసం. అక్కడ ఇక పనికిరావన్నారు.

హీరో పొద్దున్నే అలిగి మద్రాసు వెళ్లిపోయాడు. ఆ పొడుగు, ఆ భుజాలు గురువులికే ఉన్నాయని దర్శకుడు శ్రీరామ్మూర్తి అతనికి హీరో చొక్కా తొడిగించాడు.

"ఆ దిబ్బెక్కి అవతలికి దిగిపో. వెనక్కి చూడకు. విజిల్ వేస్తే రా."

"మొకం అవుపడదా బాబూ?"

"పడదు."

గురువులికి ఉసూరుమంది. సినిమాలో తనూ కనపడతానేమో అంటే, పొద్దున గంజి పోస్తూ భార్య నూకాలు నవ్వింది. "ఊడిసీవోడివి, నిన్నేటి సూపిత్తారు? సూపితే మాత్రం, నీ యీపు సూసినా నాను పోల్సుకుంతాను." ఆ మాట గుర్తొచ్చి ఒప్పుకున్నాడు.

మొదటిసారి పాడుచేశాడు. వేసిన ప్రతి అడుగునూ కాలితో చెరిపేసుకుంటూ నడిచాడు. కెమెరామన్ తల పట్టుకున్నాడు. ఇంకొక్కసారికే ఫిల్ముంది.

"అలవాటైపోనాది బాబూ. ఈపాలి తుడవను."

తుడవలేదు. తన అడుగులు తన వెనకే ఉండిపోతుంటే సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. రొప్పుతూనే భుజాలు నిలబెట్టి ఎక్కాడు. పైన ఒక్క క్షణం ఆగి, అవతలికి దిగిపోయాడు.

దర్శకుడు విజిల్ వేశాడు. మళ్లీ వేశాడు. వెళ్లి చూస్తే, దిబ్బకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ప్రాణం లేదు. చొక్కా తిరిగి అడగడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఏడాది తర్వాత సినిమా విశాఖలో నాలుగు రోజులాడింది. నూకాలు నేల టిక్కెట్టులో కూర్చుంది. హీరో దిబ్బెక్కుతున్నాడని జనం ఈలలు వేశారు.

"మెల్లగెక్కు మావా," అంది నూకాలు, పక్కవాళ్లు తిరిగి చూసేలా.

ఇంటి దగ్గర తలుపు మూల ఈతమట్ట, దానికంటిన ఎర్రమట్టి దులపకుండా, అలాగే ఉంది.