ఈ ఏడు కోటేశ్వరి వంతు

మా వెబ్‌సైటుకి వచ్చే ఫిర్యాదులన్నీ చదివేది నేనే. సైటు కట్టింది మా తమ్ముడు సాయికౌశిక్. తెలుగులో ప్రోగ్రామింగ్ సందేహాలు అడిగేవాళ్లకీ, జవాబులు చెప్పేవాళ్లకీ ఒక చోటు ఉండాలని కట్టి, దానికి ‘కోడ్ కళ్లం’ అని పేరు పెట్టాడు. వేలమంది చేరారు. వాడి ఫొటో పేపర్లో కూడా పడింది. తిట్లు మాత్రం నాకు. ఫిర్యాదుల పేజీ అడుగున ‘శ్రీదుర్గ, గుంటూరు’ అని నా పేరే వేశాడు వెధవ.

పిడుగురాళ్ల నుంచి ఒకాయన, సైటు మసకగా కనబడుతోంది, అక్షరాలకు రంగు పెంచండి అని వారం పాటు ప్రాణం తీశాడు. సాయి పాపం రంగులు మార్చీ మార్చీ అలిసిపోయాడు. చివరికి నాకు విసుగొచ్చి, మీరెక్కడ కూర్చుని చూస్తారండీ అని అడిగాను. సున్నం బట్టీ ఆఫీసులోనట. స్క్రీను తడిగుడ్డతో తుడవమన్నాను. ‘బగ్ పోయిందండి, చాలా థాంక్స్’ అని జవాబొచ్చింది. ఇంకొకావిడ, డిలీట్ నొక్కితే నిజంగానే డిలీట్ అయిపోతోంది అని ఫిర్యాదు చేసింది. ఆవిడకేం చెప్పాలో నాకు ఇప్పటికీ తోచలేదు.

ఇవి నవ్వుకునే సంగతులు. ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున పేజీ తెరిచేసరికి, పెదనందిపాడు దగ్గర ఒకే పల్లె నుంచి వరసగా ఆరు ఫిర్యాదులున్నాయి. నస్రత్ అనే అమ్మాయి, బాలు అనే అబ్బాయి, ఇంకా వాళ్ల స్నేహితులు. అన్నింటిలోనూ విషయం ఒకటే. ‘మా అకౌంట్లకు తాళం పడింది. ఇది మీ సైటులో బగ్. వెంటనే తీయండి.’ ఆఖరిది కోటేశ్వరి రాసింది. ‘సోమవారం ఒంగోలుకి లిస్టు వెళ్లిపోతుంది కదా మేడం. ఈలోగా తాళం తీయకపోతే అందులో నా పేరుండదు.’

ఆ లిస్టు సంగతి చెప్పాలి. ఒంగోలులో హయాత్ గారని ఒకాయన గ్రానైట్ యూనిట్లకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ నడుపుతారు. ఏటా మా సైటులో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న ఒక్కరికి ఉద్యోగం ఇస్తారు. అనుభవం అడగరు, సిఫార్సు అడగరు. ఈసారి మొదటి స్థానంలో ఉన్నది కోటేశ్వరే. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, ఎక్కడికెళ్లినా ‘అనుభవం ఉందా’ అని అడిగించుకుని వెనక్కి తిరిగొచ్చిన పిల్ల. ఇది పోతే తనకు వేరే దారి లేదని ఫిర్యాదులోనే రాసుకుంది.

“ఒరేయ్ సాయీ, ఏం చేశావురా ఈ పిల్లల్ని?” అని అరిచాను.

“నేనేం చెయ్యలేదక్కా. సైటే తాళం వేసింది. కోటేశ్వరి అకౌంటు ఒక్కటే, దాన్ని ఆరు ఫోన్ల నుంచి తెరుస్తున్నారు. మిగతా ఐదుగురూ వాళ్ల పేర్లతో ఒక్క జవాబు రాయరు. ఆ అమ్మాయి జవాబులకి ఓట్లేస్తారంతే. దీన్నేమంటారు?”

“దొంగాట అంటారు” అన్నాను. ఒళ్లు మండిపోయింది. పొద్దున్నుంచీ ఆ పిల్ల మీద జాలిపడినందుకు ఇంకా మండింది. ఇది బగ్ కాదు, మీరు చేసిన పనికి సైటు సరిగ్గానే తాళం వేసింది అని ఆరుగురికీ ఒకే జవాబు పంపాను.

కాసేపటికి కోటేశ్వరి దగ్గర్నుంచి సమాధానం వచ్చింది. ‘మేము చేసింది పనే కదా మేడం, అందులో తప్పేముంది? నమ్మకపోతే ఆదివారం మా చేనుకి రండి. కాయ కోత ఉంది, అందరం అక్కడే ఉంటాం. అన్నం కూడా మాతోనే తిందురుగాని.’

దొంగాట ఆడినవాళ్లు పట్టుకున్నవాళ్లని భోజనానికి పిలవడం నేనెక్కడా వినలేదు. ఆదివారం సాయిని స్కూటర్ ఎక్కించుకుని బయల్దేరాను.

మిరప చేను ఎర్రగా విరగకాసి ఉంది. ఆడవాళ్లంతా చీరల మీద, చుడీదార్ల మీద మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కుని, తలలకు గుడ్డలు చుట్టుకుని సాళ్లల్లో వంగి కోస్తున్నారు. గట్టు మీద అడుగుపెట్టగానే ఘాటుకి నాకు తుమ్ములు మొదలయ్యాయి. కోటేశ్వరి వాళ్లమ్మ రాఘవమ్మ గారు మమ్మల్ని చూసి, “ఆ తుమ్ములు సాయంత్రం దాకా తగ్గవులే అమ్మా. ఇటొచ్చి నీడన కూర్చోండి” అని ట్రాక్టర్ ట్రక్కు పక్కన గోనెపట్టా పరిచింది.

మధ్యాహ్నం కోత ఆపి అందరూ అక్కడికే వచ్చారు. కోటేశ్వరి సన్నగా, పొడుగ్గా ఉంది, మాట మాత్రం ఊరంత గట్టిగా ఉంది. చేతులు కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని, టిఫిను విప్పీ విప్పకముందే ఫోను తీసింది. మిగతావాళ్లు చుట్టూ చేరారు. నస్రత్ ముద్ద నములుతూ, “ఆ లూపు అక్కడ కాదే, పైకి జరుపు” అంటోంది. “ఏడ్చావులే, జరిపితే మళ్లీ మొదటికొస్తుంది” అని బాలు అడ్డం పడ్డాడు. అరగంట కొట్టుకుని మొత్తానికి ఎవరో వినుకొండ కుర్రాడి సందేహానికి జవాబు తేల్చారు. చూస్తుంటే ముచ్చటేసింది. మా ఆఫీసులో మీటింగులు కూడా ఇంత బాగా జరగవు.

“ఇప్పుడు ఈ జవాబు ఎవరి పేరు మీద పెడతారు?” అని అడిగాడు సాయి.

“నా పేరు మీదే” అంది కోటేశ్వరి, అదేం ప్రశ్న అన్నట్టు. “తాళం తీశాక పెడతాం.”

“లూపు సరిచేసింది నస్రత్ కదా?”

“అవును సార్. కానీ ఈ ఏడు నా వంతు.”

సాయి నా మొహం చూశాడు. నేను వాడి మొహం చూశాను. రాఘవమ్మ గారికి మా అయోమయం చూస్తే నవ్వొచ్చింది.

“మాకు కూలోళ్లు దొరకరమ్మా” అని విడమరిచి చెప్పింది. “అందుకని బదులుకి వెళ్తాం. ఇయ్యాల మా చేలో అందరూ దిగి కోస్తారు. ఎల్లుండి నస్రతోళ్ల చేలో మేము దిగుతాం. ఎవరు కోసినా కాయ చేను గలవాళ్లదే. నేనెక్కువ కోశాను, ఈ బస్తా నాది అని ఎవరన్నా అంటారా?”

“మేమూ అట్లాగే చేశాం” అంది కోటేశ్వరి. “చదువైపోయి ఖాళీగా ఉన్నది అందరికంటే నేనే ముందు. ముందు పండిన చేను ముందు కొయ్యాలి గదా. అందుకని ఈ ఏడు అందరూ నా పేరు మీద రాశారు. వచ్చే ఏడు నస్రత్ పేరు మీద రాస్తాం. ఆ తర్వాత బాలు.”

నేను తిట్టడానికి వచ్చాను. వీళ్లు దాచింది ఏమీ లేదు. అడిగితే మొదటి రోజే చెప్పేవాళ్లు. అయినా జరిగింది చిన్న విషయం కాదు. మా లిస్టులో రెండో స్థానంలో చిలకలూరిపేట కుర్రాడొకడు ఉన్నాడు. వాడు ఒక్కడే కూర్చుని తన జవాబులు తను రాసుకున్నాడు. వాడికేం చెప్పను?

అదే మాట కోటేశ్వరితో అన్నాను. “చూడమ్మా, హయాత్ గారు ఉద్యోగం ఇచ్చేది ఒక్కరికి. ఆరుగురి తెలివి చూసి ఒక్కరిని తీసుకుంటే ఆయన మోసపోయినట్టు కాదూ? ఆ చిలకలూరిపేట అబ్బాయికి అన్యాయం కాదూ?”

ఆ పిల్ల మొహం ఒక్కసారి పాలిపోయింది. ఫోను పక్కన పెట్టేసింది. “మేము దొంగపని చేశామంటారా అక్కా?” అంది. అప్పటిదాకా నేను మేడంని, ఆ క్షణాన అక్కనయ్యాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సాయి మీద, సైటు మీద, హయాత్ గారి మీద, అందరి మీదా కోపం వచ్చింది. ఎవరి తప్పూ లేకపోవడం ఇంకా చిరాకు.

“తాళం తీయొద్దులెండి” అంది కోటేశ్వరి కళ్లు తుడుచుకుని. “ఆయనకి ఫోన్ చెయ్యండి. ఉన్నదున్నట్టు చెప్పండి. ఉద్యోగం వస్తే వస్తుంది, పోతే పోతుంది. దొంగ పేరు మాత్రం వద్దు నాకు.”

“పిచ్చిదానా, పోతుందే” అని నస్రత్ మోచేత్తో పొడిచింది.

“పోనీ” అంది. కానీ ఆ మాట అన్నాక అన్నం ముద్ద నోట్లోకి పోలేదు.

గట్టు మీదే నిలబడి హయాత్ గారికి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన అంతా విన్నారు. తర్వాత నవ్వడం వినబడింది.

“మా నాన్నా కౌలుకి పొగాకు వేసేవాడండీ. బదుళ్ల సంగతి నాకు చెప్పక్కర్లేదు. కానీ నేనుండేది ఒంగోల్లో, కుర్చీ ఒకటే ఉంది. అందుకని ఒక పని చేస్తాను. మీ లిస్టులో పైనున్న ఐదుగురినీ బుధవారం పంపండి. చిలకలూరిపేట అబ్బాయినీ, ఈ అమ్మాయినీ కూడా. ఎవరి పేపరు వాళ్లే రాయాలి, ఫోన్లు బయట పెట్టాలి. సరేనా అమ్మా కోటేశ్వరీ?”

“సరే సార్” అంది కోటేశ్వరి. ఊరంత గట్టి గొంతు ఏమైపోయిందో మరి, పక్కనున్న నాకే సరిగా వినబడలేదు.

ఆ రెండు రోజులూ నాకు పని మీద మనసు నిలవలేదు. బుధవారం సాయంత్రం హయాత్ గారే ఫోన్ చేశారు.

“నాలుగు లెక్కలిచ్చానండీ. మూడు అందరూ చేశారు. నాలుగోది రాయి కోతలో వృథా ఎంత పోతుందో లెక్కగట్టేది, అది మా వాళ్లకే కష్టం. నలుగురు పిల్లలు ఏదో ఒకటి నింపి పేజీ పూర్తి చేశారు. ఒక్కటీ సరిగా లేదు. మీ కోటేశ్వరి సగం దాకా చక్కగా చేసి ఆపేసింది. కింద ఏం రాసిందో చదవనా?”

“చదవండి” అన్నాను.

“‘ఇక్కడి నుంచి నాకు రాదు సార్. ఇలాంటివి నస్రత్‌కి వస్తాయి. కావాలంటే తనని పిలిచి చేయించుకోండి’ అని రాసి, ఆ అమ్మాయి ఫోన్ నంబర్ కూడా వేసిందండీ.”

“అయ్యో” అన్నాను.

“అయ్యో ఏంటండీ, నేను ఫోన్ చేశాను. నస్రత్ ఫోన్లోనే మిగతా సగం చెప్పేసింది. రాదని తెలిసి ఆగేవాళ్లూ, ఎవరికి వస్తుందో చెప్పేవాళ్లూ నాకు ఇన్నేళ్లలో దొరకలేదు. కుర్చీ ఇంకోటి కొంటాను. ఒకటో తారీఖున ఇద్దర్నీ రమ్మనండి. చిలకలూరిపేట అబ్బాయి కూడా మంచివాడే, వాడికి మా తమ్ముడి ఆఫీసులో చెప్పాను.”

ఫోన్ పెట్టేసి, వంటింట్లో ఉన్న అమ్మని గట్టిగా పట్టుకుని తిప్పాను. “ఏమైందే నీకు, గరిటె పడుతుంది” అని మా అమ్మ శ్యామలాంబ గోల.

మర్నాడు సాయి చేత నేనే ఒక ఫిర్యాదు నమోదు చేయించాను. ‘బగ్: నలుగురు కలిసి పని చేస్తే ఈ సైటుకి దొంగల్లా కనబడతారు.’ మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠాలున్నట్టే సైటులోనూ ముఠాలుండాలి, జవాబు కింద చేసినవాళ్లందరి పేర్లూ పడాలి అని పోరాను. వాడు వారం రోజులు కుస్తీ పట్టాడు. పేర్లు పడితే పాయింట్లు పోయేవి, పాయింట్లు నిలిస్తే పేర్లు పోయేవి. చివరికి తల పట్టుకుని కూర్చుంటే, పల్లె నుంచి ఆరుగురూ ఒక శనివారం బస్సెక్కి మా ఇంటికి దిగారు. నేల మీద చాపలు పరుచుకుని, అమ్మ వేసిన పెసరట్లు తింటూ, కొట్టుకుంటూ, తిట్టుకుంటూ, సాయంత్రానికి దాన్ని సరిచేసి వెళ్లారు.

ఆ వారంలోనే కోటేశ్వరి ఒంగోలు నుంచి ఫోన్ చేసింది. గొంతు మళ్లీ మామూలైంది, చెవికి దూరంగా పెట్టుకుని విన్నాను.

“అక్కా, ఆదివారం బాలు వాళ్ల చేలో రెండో కోత. నాకూ నస్రత్‌కీ ఆఫీసులో ఏదో కొత్త పని, రాలేం. ఇద్దరు మనుషులు తక్కువైపోయారు. మీ సైటులో అందరం దిగాం గదా, ఈసారి మీరిద్దరూ దిగండి. ఆరింటికల్లా రావాలి. పాత చొక్కాలు తెచ్చుకోండి.”

“అదేంటక్కా, నిజంగా కొయ్యాలా?” అన్నాడు సాయి.

“కొయ్యక? నోరు మూసుకుని నాన్న చొక్కా వెతుకు” అన్నాను.

ఆదివారం ఎండెక్కేసరికి నా నడుం రెండు ముక్కలైంది. వేళ్లు భగభగమంటున్నాయి. పక్క సాలులో రాఘవమ్మ గారు నాకు రెండింతలు కోసి, మధ్య మధ్యలో నా సాలులోకి కూడా చెయ్యి వేసి సాయం పడుతోంది. ఆవిడకి వెబ్‌సైటంటే ఏంటో తెలియదు. పిల్లలు మా ఇంటికొచ్చి ఏదో పని చేశారని మాత్రం తెలుసు.

“ఇంతకీ మీది ఎప్పుడమ్మాయ్ కోత?” అని అడిగింది.

మాకు చేను లేదండీ అనబోయాను. అవతలి సాలులోంచి సాయి తలెత్తాడు. “కోత కాదు పిన్నీ, కలుపు. బోలెడుంది. తీసేకొద్దీ మొలుస్తూనే ఉంటుంది.”

“దానికేముంది, ఎప్పుడో చెప్పండి” అంది రాఘవమ్మ గారు, బుట్ట చంకన పెట్టుకుని పక్క సాలులోకి జరుగుతూ. “అందరం వస్తాం.”