మూడో గది చలి

గుంటూరు కోల్డ్ స్టోరేజీ గుమాస్తా బుడాన్‌తో నాకు ఇరవై ఏళ్ల పరిచయం. అయినా ఆ రోజు నేనిచ్చిన చీటీ చూసి తల గోక్కున్నాడు. "లాటు భవ్య గారి పేరు మీదుందండి. ఆవిడొచ్చి సంతకం పెట్టాలి."

వాడికి తెలియదు. తెలియదని నాకు తెలుసు. అయినా ఒళ్లు మండింది. నాకంటే నా కోపం ముందు పుట్టిందని మా ఆవిడ కోటిరత్నం అంటూ ఉంటుంది.

"ఆవిడ రాదు," అన్నాను.

"పోనీ ఒక ఫోన్ చేయించండి."

"ఫోనూ చెయ్యదు. మా అమ్మాయేరా. జులైలో పోయింది."

బుడాన్ పెన్ను కింద పెట్టాడు. రిజిస్టరు నా వైపు తిప్పి, "మీరే పెట్టండి బాబాయ్," అన్నాడు. అంతకుముందెప్పుడూ వాడు నన్ను బాబాయ్ అనలేదు.

మా మిరప బస్తాలన్నీ నా పేరు మీదో కోటిరత్నం పేరు మీదో ఉంటాయి. జూన్‌లో ఈ డబ్బా తెచ్చినప్పుడు ఎవరి పేరు రాయమంటారని బుడాన్ అడిగితే, కష్టం ఎవరిదో పేరూ వాళ్లదే అని మా అమ్మాయి పేరు చెప్పాను. ఆ పేరు పక్కన ఇప్పుడు నా సంతకం పెట్టాను. మూడో గదిలోంచి తెల్ల థర్మాకోల్ డబ్బా తెచ్చిచ్చారు. మూత మీద భవ్య చేతిరాత: "దయచేసి తెరవొద్దు." దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. మా అమ్మాయి గైడు ఇమ్మానియేలు సారుతో ఆ వేళ తాడోపేడో తేల్చుకుందామని బయల్దేరాను.

మాది పర్చూరు దగ్గర పల్లె. నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి, ఒక్కతే కూతురు. గుంటూరులో ఎమ్మెస్సీ చదివి, అక్కడే పరిశోధనలో చేరి, ఆక్టోపస్‌ని పట్టుకుంది. "ఎనిమిది కాళ్లదాన్ని పట్టావు, రెండు కాళ్లవాణ్ణి ఎప్పుడు పడతావే?" అని వాళ్లమ్మ ఆటపట్టించేది.

మూడేళ్లు వాడరేవుకి తిరిగింది. యలమంద అనే పడవ మనిషి వలలో పడ్డ ఆక్టోపస్‌లని చావకుండా తొట్టిలో ఉంచి ఫోన్ చేసేవాడు. కొన్నిటిని వెచ్చటి నీళ్లలో, కొన్నిటిని చల్లటి నీళ్లలో ఉంచి, తర్వాత వాటి మెదడులోంచి గోటి మీద పట్టేంత ముక్క తీసి, చిటికెన వేలంత గొట్టాల్లో పెట్టి ల్యాబు ఫ్రీజర్‌లో దాచేది.

ఇదంతా దేనికే అని ఒకసారి కల్లంలో మిరపల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ అడిగాను. పక్కనే కూర్చుని తనూ ఏరుతూ చెప్పింది.

"ప్రతి ప్రాణికీ లోపల ఒక పుస్తకం ఉంటది నాన్నా. ఏ పూటకి ఏది కావాలో అందులోంచి చీటీ మీద ఎత్తి రాసి పంపుద్ది ఒళ్లు. ఆ చీటీ ప్రకారం పని జరుగుద్ది. మనమూ, నత్తలూ, ఆల్చిప్పలూ చాలావరకు ఉన్నదున్నట్టే పంపుతాం. ఆక్టోపస్, స్క్విడ్ మాత్రం చీటీని మధ్యలో దిద్దుతాయి. నీళ్లు చల్లబడ్డాయనుకో, ఆ చలికి తగ్గట్టు వేల చోట్ల దిద్దేస్తాయి. పుస్తకం జోలికి పోవు."

"పుస్తకమే దిద్దుకుంటే పోలా?"

"దానికి లక్షల ఏళ్లు పట్టుద్ది. చలి రేపే వచ్చుద్ది."

ఇంకా చాలా చెప్పింది. చీటీ దిద్దుకోవాలంటే పుస్తకంలో ఆ చుట్టుపక్కల అక్షరాలు చెదరకూడదట. అందుకని అవి ఆ చోట్లని తరతరాలుగా మారకుండా కాపాడుకుంటూ వచ్చాయట. మిగతా పుస్తకం మాత్రం ఏనాడో కుట్టు ఊడదీసి, కాయితాలు కలబోసి, మళ్లీ కుట్టినట్టు ఉంటుందట. వాటి చుట్టాల్లో ఇంకా గుల్లని మోసుకు తిరిగే నాటిలస్‌కి ఈ దిద్దుడు అంతగా లేదట. మన సముద్రం ఆక్టోపస్ ఏయే చోట్ల దిద్దుతుందో ఎవరూ చూడలేదని, తను చూస్తానని చెప్పింది.

"నీ కోపం పుస్తకంలోనే ఉంది నాన్నా. కనీసం చీటీలోనైనా దిద్దుకో," అని నవ్వింది.

ఉగాది వెళ్లాక జ్వరం అంది. రక్తంలో క్యాన్సర్ అన్నారు. జూన్ వచ్చేసరికి ఆస్పత్రిలో మంచం మీద ఉంది, జుట్టు లేదు, అయినా ఫోన్లో ల్యాబు సంగతులే.

ఒక ఆదివారం పొద్దున ల్యాబు వాచ్‌మన్ అంకయ్య ఫోన్ చేశాడు, ఫ్రీజర్ పాడైందని. సెలవులు, సారు ఊళ్లో లేరు. భవ్య మంచం మీదనుంచే అందరికీ ఫోన్లు చేసింది. అంకయ్య ఆ గొట్టాలని పొగలు కక్కే ఐసులో పెట్టి, ఎప్పుడో భవ్య మూత మీద రాసి ఉంచుకున్న డబ్బాలో సర్దాడు. దాన్ని ఊరవతల ఇంకో కాలేజీకి చేర్చాలి. అక్కడ షారోన్ అనే స్నేహితురాలు తీసుకుని వాళ్ల ఫ్రీజర్‌లో పెడుతుంది. నా పని మోసుకెళ్లడమే.

గేటుకి తాళం. షారోన్ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. చర్చిలో ఉందని తర్వాత తెలిసింది. ఎండ మాడ్చేస్తోంది. గంట నిలబడ్డాను. మూత సందులోంచి వచ్చే పొగ సన్నబడిపోయింది. నా బిడ్డ మూడేళ్ల కష్టం నా చేతుల్లో కరిగిపోతోందనుకున్నాను. అప్పుడు నాకు తోచింది, పది నిమిషాల దూరంలో మన కోల్డ్ స్టోరేజీ ఉంది కదా అని. ఏడాది తర్వాత తీసినా మిరపకాయ నిన్న కోసినట్టు ఎర్రగా ఉంటుంది. అంతకంటే చల్లటి చోటు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పొగొచ్చేది లోపల పెట్టనివ్వరండీ అని బుడాన్ అంటే, మిగిలిన ఆ ఐసుని నేనే, నా చేత్తోనే, కాలవలో పారబోశాను.

అక్కణ్ణుంచి బయటికి రాగానే షారోన్ ఫోన్. పరిగెత్తుకొచ్చిందేమో, రొప్పుతోంది. "అంకుల్, గేటు దగ్గరున్నాను."

"అక్కర్లేదమ్మా, నేను చూసుకున్నాను," అని పెట్టేశాను. గర్వంగానే అన్నాను.

ఆ రోజు ఫోన్లో భద్రంగా పెట్టానని మాత్రమే అన్నాను, ఎక్కడో మర్నాడు ఆస్పత్రిలో భవ్యకి చెప్పాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు. "ఎన్ని డిగ్రీలుంటది నాన్నా అక్కడ?" అంది.

"నాలుగో అయిదో. కరెంటు పోతే జనరేటర్ ఉంది. నువ్వేం బెంగ పెట్టుకోకు."

నా చెయ్యి పట్టుకుంది. "మంచి పని చేశావు నాన్నా. అక్కడే ఉండనీ."

ఇరవై రెండు రోజులకి పోయింది.

ఇక నాకు మిగిలింది ఆ డబ్బా ఒక్కటే. దాన్ని తీసుకెళ్లి అమ్మాయి పని పూర్తి చెయ్యండి, తన పేరుతో అచ్చు వెయ్యండి అని సారుకి ఫోన్ చేస్తే, చూద్దాం బుల్లయ్య గారూ అంటాడు. మళ్లీ చేస్తే మళ్లీ చూద్దాం. దసరా పోయింది, క్రిస్మస్ పోయింది. పోయినవాళ్ల పని ఎవరిక్కావాలి, ఇంకెవరి పేరో పెట్టి కాజేస్తాడేమో అని కూడా అనుకున్నాను.

అందుకే ఆ రోజు డబ్బాని ఆయన బల్ల మీద గట్టిగానే పెట్టాను. "మీరు రారు కాబట్టి నేనే తెచ్చాను. నా బిడ్డది ఇది. చేస్తారా చెయ్యరా?"

ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. పెద్దాయన, నెమ్మదస్తుడు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మాయికి కావలసింది చీటీలండీ. అవి మైనస్ ఎనభైలో ఉండాలి. నాలుగు డిగ్రీల్లో అవి పూట కూడా నిలవవు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ పట్టుకున్నాను. కల్లంలో ఆ రోజు ఈ సంగతీ చెప్పిందో లేదో నాకు గుర్తు లేదు. చెప్పే ఉంటుంది. నేను తాలుకాయలు చూసుకుంటూ ఉండుంటాను.

"ఆ ఐసు నేనే పారబోశాను," అన్నాను.

"తెలుసండి."

"మీకెవరు చెప్పారు?"

"భవ్యే. మీరు చెప్పిన రోజే నాకు ఫోన్ చేసింది. ఏడ్చింది. ఏడ్చి, మా నాన్నకి తెలియనివ్వకండి సార్ అంది. చలి అంటే ఆయనకి తెలిసింది అదొక్కటే సార్, తెలిసినదాంట్లో అన్నిటికంటే మంచిచోట పెట్టాడు అంది. నేను మాటిచ్చాను. ఇవాళ తప్పాను."

నేను ఈయన్ని దొంగ అనుకున్నాను. దణ్ణం పెట్టబోతే నా చేతులు పట్టుకుని ఆపాడు.

పుస్తకం మాత్రం అంత తొందరగా చెడిపోదట, నాలుగు డిగ్రీల్లోనూ చాలావరకు నిలిచి ఉండొచ్చట. దాన్ని చదివించి, ఏ పేజీ ఎక్కడికి మారిందో చూసి భవ్య పేరుతోనే వేయిస్తానన్నాడు. మరి తను అడిగిన ప్రశ్నో అన్నాను. దానికి ఆ చీటీలే కావాలండీ అన్నాడు. డబ్బా అక్కడే వదిలేసి వచ్చాను.

బస్సులో చిలకలూరిపేట దాటేదాకా ఆ ఒక్క నిమిషమే తలుచుకున్నాను. నేను నాలుగో అయిదో అన్నప్పుడు దాని మూడేళ్లూ పోయాయి. బతుకు ఎటూ పోతోందని దానికి తెలుసు. ఆ స్థితిలో నన్ను ఒక్క మాట అనకపోగా, నోటిదాకా వచ్చినదాన్ని నాకోసం మార్చుకుని, మంచి పని చేశావంది. నేనైతే కొట్టేవాణ్ణి.

ఇంటికొచ్చేసరికి కోటిరత్నం వాకిట్లో పత్తి ఒలుస్తోంది. తలెత్తకుండానే అడిగింది. "ఇచ్చావా?"

"ఇచ్చాను."

"బాగానే ఉన్నాయా? ఏం చెడిపోలేదుగా?"

ఉన్నమాట నోటిదాకా వచ్చింది. జీవితంలో ఏ మాటనీ అక్కడ ఆపినవాణ్ణి కాదు.

"చెక్కు చెదరలేదంట," అన్నాను.

కోటిరత్నం చేతిలో కాయ పక్కన పెట్టి, పైటతో కళ్లొత్తుకుంది. "ఆ ఎండలో పరిగెత్తి ఎంత మంచి పని చేశావయ్యా. పిల్లది అదొక్కటైనా దక్కింది."

కాళ్లు కడుక్కొస్తానని దొడ్లోకి వెళ్లాను. తనకి వినపడకుండా పంపు పూర్తిగా తిప్పి, అక్కడే కూర్చుని ఏడ్చాను.