ద్వారపాలకుల బదిలీ

“వైరింగు,” అని తీర్పు చెప్పాడు డారిల్, బూట్లకంటిన మంచు గుమ్మం లోపలే దులుపుతూ. “కారు ముందు భాగమంతా విప్పాలి. ఎండాకాలంలో చూద్దాంలే.”

పాస్టీలనే పెద్ద కజ్జికాయల్లో మాంసం, బంగాళదుంప కూరి అంచులు మడుస్తున్న అతని భార్య జనెల్, ఆ తీర్పును శిరసావహించలేకపోయింది. ఉత్తర మిషిగన్‌లో, మహాసరస్సు ఒడ్డునున్న ఆ ఊళ్లో శీతాకాలం సూర్యుడే ఆలస్యంగా హాజరవుతాడు. ఎండాకాలమనేది ఒక పుకారు. ఆసుపత్రి వంటశాలలో దొరికిన పొద్దుటి షిఫ్టు ఉద్యోగం మాత్రం ఆమె జవాబు కోసం సోమవారం దాకానే ఆగుతుంది. చీకట్లో బయలుదేరాలి. “నీ కోసమే” అంటూ డారిల్ కొన్న పాత కారుకేమో హెడ్‌లైట్లు రెండూ ఒకేసారి ఆరిపోయాయి.

“లైట్లు లేకపోతే మానెయ్. ఇంట్లో పని తక్కువైందా నీకు?” అన్నాడతను. తక్కువేమీ కాలేదు: అతని భోజనం డబ్బా, అతని తల్లి మోకాళ్లు, వాకిట్లో పేరుకునే మంచు, అన్నీ ఆమె ఏలుబడిలోని సంస్థానాలే.

శనివారం డారిల్ తమ్ముడి ట్రక్కులో చేపలు పట్టడానికి వెళ్లగానే, జనెల్ గరాజులో కారు బానెట్ ఎత్తింది. రెండు బల్బులు ఒకే క్షణాన ప్రాణత్యాగం చేస్తాయా? ప్రేమికులు చేస్తారేమో గానీ బల్బులు చేయవు. పార్కింగ్ లైట్లు వెలుగుతున్నాయి, కనుక బ్యాటరీ బతికే ఉంది. ఫ్యూజు తీసి కిటికీ వెలుతురుకెత్తి చూసింది. లోపలి తీగ చెక్కుచెదరలేదు. డారిల్ పనిముట్ల పెట్టెలో కరెంటుందో లేదో చూపే టెస్ట్ లైటు, కవరైనా చింపనిది, ఉంది; దాన్ని బల్బు వెనక ఆనించింది. వెలగలేదు. అంటే కరెంటు ఇక్కడిదాకా రావడం లేదు, దారిలో ఎక్కడో ఆగుతోంది. సూపు రుచి చెడితే ఎవరూ వంటిల్లు పడగొట్టరు; ఉప్పు దగ్గర్నుంచి ఒక్కొక్కటే రుచి చూసుకుంటూ వెనక్కి నడుస్తారు. పెళ్లయిన నాటినుంచీ ఆమె అభ్యసిస్తున్న ఈ శాస్త్రానికి ఎవరూ పేరు పెట్టలేదు, జీతమూ కట్టలేదు.

అత్తగారు, పేరు లెంపి, చేతికర్రతో గుమ్మంలో ప్రత్యక్షమైంది. “ఏం పిల్లా, షాక్ కొట్టి చస్తావే! వాడొస్తే తిడతాడు.”

“చస్తే తిట్లు వినక్కర్లేదుగా అత్తయ్యా! ఈ బ్యాటరీ ఎవర్నీ చంపదులే. నువ్వు కార్లో కూచుని ఆ లైట్ల స్విచ్చి తిప్పు.”

“తిప్పితే ఏమవ్వాలి?”

“నా వేలి కింద టిక్కుమనాలి.”

“అన్నదా?”

“అనలేదు.” జనెల్ ముఖం వికసించింది. “దొరికాడు దొంగ!”

దొంగ ఒక నల్లని డబ్బీ. రిలే అంటారు. స్విచ్చి పంపిన చిన్న ఆజ్ఞ అందుకొని పెద్ద కరెంటుకు తలుపు తీసే ద్వారపాలకుడు, విధుల్లోనే కన్నుమూశాడు. పక్కనే అచ్చంగా అలాంటిదే మరొకటి. ఫ్యూజుల పెట్టె మూత మీద అది దేనిదో చెప్పే బొమ్మ చూసి ఆమె చెయ్యి ఆగింది. హారన్.

డారిల్ ఏనాడూ వాకిట్లోంచి ఆమెను పేరుపెట్టి పిలవలేదు. రెండు చిన్న మోతలంటే సంచులు మొయ్యడానికి రమ్మని; ఒక పెద్ద మోత అంటే దారిలో మంచు తియ్యమని. ఆ శంఖారావం వినగానే ఆమె చేతిలో పిండైనా, సబ్బైనా, అప్పుడే మొదలైన ఏడుపైనా వదిలేసి పరుగెత్తేది. ఊరి జింకలు ఏనాడూ లక్ష్యపెట్టని ఆ హారన్‌కు లొంగిన ప్రాణి లోకంలో తానొక్కతే.

హారన్ డబ్బీ పెరికి లైట్ల స్థానంలో నొక్కింది.

“ఇప్పుడు తిప్పు.”

టిక్కుమంది. గరాజు గోడ తెల్లగా వెలిగిపోయింది. “ఓరి నాయనో!” అని లెంపి పసిపిల్లలా చప్పట్లు కొట్టి, ఆ ఊపులోనే హారన్ నొక్కింది. చప్పుడు లేదు.

“ఇది పోయిందే!”

“పోలేదత్తయ్యా. బదిలీ అయింది.”

ముసలామె హారన్ మరోసారి నొక్కి చూసింది. “వీడి నాన్న నన్ను ఈల వేసి పిలిచేవాడు,” అంది. “దానికిలాంటి డబ్బీ ఏదీ ఉండేది కాదు.”

ఆ సాయంత్రమే జనెల్ ఆసుపత్రికి ఫోన్ చేసి, సోమవారం నుంచే వస్తానని చెప్పింది.

ఆదివారం డారిల్ సరుకులకు కారు తీసుకువెళ్లి వచ్చాడు. అత్తాకోడళ్లు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు: అతను స్టీరింగు నొక్కాడు, గుద్దాడు, దాంతో ఏదో వాదించాడు. చివరికి సంచులు తానే మోసుకుని లోపలికొచ్చాడు.

“హారన్ చచ్చింది.”

“నేనే తీశాను. హెడ్‌లైట్లకు పెట్టాను. వెలుగుతున్నాయి చూడు,” అంది జనెల్. “రేపట్నుంచి ఉద్యోగానికి వెళ్తున్నా.”

అతను కారును, ఆమెను, మళ్లీ కారును చూశాడు. అతనికి తోచిన మొట్టమొదటి కష్టమే నోట్లోంచి వచ్చింది.

“మరి నేనొచ్చినట్టు నీకెలా తెలుస్తుంది?”

“ఆ డబ్బీ ఇంకోటి షాపులో దొరుకుతుంది, తెచ్చుకో,” అంది జనెల్, సంచిలోంచి బంగాళదుంపలు తీసి అతని ముందు పెడుతూ. “లేదా తలుపు తీసుకుని లోపలికొచ్చి పిలువు. ఇంట్లో ఉంటే పలుకుతాను.”