ముందే జరిగిన పరామర్శ

మా మంత్రిగారు మూడుసార్లు గెలిచింది రోడ్లు వేసి కాదు, చావు ఇళ్ళకు వెళ్ళి. నియోజకవర్గంలో ఎవరు పోయినా ప్రత్యర్థి కంటే ముందు ఆ గుమ్మం తొక్కాలి. అదే ఆయన రాజకీయం. పదకొండేళ్ళుగా ఆయన ఆంతరంగిక కార్యదర్శిని నేను. పొద్దున ఏడింటికల్లా పోయినవాళ్ళ జాబితా ఆయన బల్ల మీద పెట్టాలి: పేరు, వయసు, ఏ జబ్బు, పెద్ద కొడుకు ఏం చేస్తాడు. వార్డుకొక కార్యకర్త నాకు ఫోన్ చేసి కబురు చెప్తాడు. ముందు చెప్పినవాడికి మెచ్చుకోలు, ఆలస్యం చేసినవాడికి అక్షింతలు.

ఈ పద్ధతి కనిపెట్టింది మా అక్క మొగుడు. బావ దర్జీ. పాతికేళ్ళ కిందట మంత్రిగారు ఎవరికీ తెలియని వార్డు సభ్యుడిగా ఉన్నప్పుడు, తన డొక్కు స్కూటరు వెనక ఎక్కించుకుని ఇల్లిల్లూ తిప్పాడు. ఎక్కడ ఏం మాట్లాడాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో నేర్పాడు. నాకీ ఉద్యోగం వేయించిందీ ఆయనే.

అలాంటి బావకి గుండెలో కవాటం పాడైంది. పెద్దాసుపత్రిలో మార్చాలి. వరసలో ఉంటే ఐదు నెలలు, అర్జీ మీద మంత్రిగారి సంతకం ఉంటే వారం పది రోజులు. ఐదు నెలలు ఆగే గుండె కాదని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. అక్క అర్జీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వుండగా మాకేం భయంరా" అంది.

నేనుండబట్టే భయపడాల్సింది.

ఎన్నికలు దగ్గరపడ్డాక మంత్రిగారు నాకొక మాట గట్టిగా చెప్పారు. "రోగుల అర్జీలు నా ముందుకి తేవద్దు. ఒకడికి సంతకం పెడితే రేపు వందమంది గేటు దగ్గరుంటారు. అయినా బాగైనవాడు డాక్టర్ని తలుచుకుంటాడు గానీ మనల్ని తలుచుకోడు."

మంచి సమయం చూసి అడుగుదామని కాచుకున్నాను. ఆయన నవ్వుతూ ఉంటే, ఆ నవ్వు చెడగొట్టడం దేనికిలే అనుకున్నాను. చిరాగ్గా ఉంటే, ఇప్పుడేం అడుగుతాంలే అనుకున్నాను. సొంతవాళ్ళ కోసం చెయ్యి చాచడం నాకు నామోషీ అని నాకు నేనే చెప్పుకున్నాను. అదంతా బుకాయింపు. కుర్చీ పోతుందని భయం, అంతే. అక్క ఫోన్ చేసినప్పుడల్లా "కదులుతోందక్కా" అనేవాణ్ణి. అర్జీ నా సొరుగులోంచి అంగుళం కదల్లేదు.

నలభయ్యో రోజు పొద్దున వార్డు కార్యకర్త ఫోన్ చేశాడు. "సార్, మీ బావగారు... పోయారండీ."

నా మొహం చూసి మంత్రిగారే ఫోన్ లాక్కుని విన్నారు. జరుగుతున్న సమావేశం ఆపించేశారు. "పద. అవతలివాడు రాకముందే మనం ఉండాలి" అన్నారు. బయల్దేరేముందు నేను చేసిన పనేమిటో తెలుసా? సొరుగులోంచి ఆ అర్జీ తీసి సంచిలో దాచుకున్నాను. మనిషి పోయాక అది ఎవరి కంటా పడకూడదు కదా. కారులో వెక్కి వెక్కి ఏడ్చాను కూడా. మంత్రిగారు నా భుజం తడుతూనే, ఫోటోలు తీసే అతనితో "పూలదండ పెద్దది తీసుకోండి" అన్నారు.

అక్క వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. మంత్రిగారు ముఖం సర్దుకుని లోపలి గదిలోకి అడుగుపెట్టారు. ఆయన వెనక దండ మోసుకుంటూ ఇద్దరు, వాళ్ళ వెనక నేను.

మంచం మీద బావ తలగడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అక్క చెంచాతో పాలు తాగిస్తోంది.

వార్డు కార్యకర్త గోడకి అతుక్కుపోయాడు. ఇందాక బావకి స్పృహ తప్పిందట. అక్క అరుపు వినగానే, అవతలి పార్టీవాడు తనకంటే ముందు కబురు చేరవేస్తాడేమోనని, లోపలికి తొంగి కూడా చూడకుండా వాడు నాకు ఫోన్ చేసేశాడు.

బావ దండ వంక చూశాడు. తర్వాత మంత్రిగారి వంక చూశాడు. తను పెట్టిన పద్ధతే కదా, విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎప్పుడూ ఆలస్యం చేస్తావని తిట్టేవాణ్ణి" అన్నాడు ఆయాసపడుతూ. "ఇవాళ మరీ పెందలాడే వచ్చావే." నవ్వబోయి దగ్గాడు. "ఎలాగూ వచ్చావు, ఆ అర్జీ మీద సంతకం పెట్టు. నాకింకా బతకాలనుందయ్యా."

నేను సంచిలోంచి అర్జీ తీసిచ్చాను. మంత్రిగారి కన్ను ముందు దాని మీద వేసిన ఆఫీసు ముద్ర మీద, ముద్రలో తేదీ మీద పడింది.

"ఇదొచ్చి నలభై రోజులైందే!" అన్నారు గదంతా వినబడేలా. "నాకెందుకు చూపించలేదయ్యా? తెలిసుంటే ఆ రోజే పెట్టేవాణ్ణి కదా!"

మీరే కదా వద్దన్నారు అనలేకపోయాను. అక్క చెంచా చేతిలో పట్టుకుని నన్నే చూస్తోంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మంత్రిగారు సంతకం పెట్టారు, బావ చేతిని చేతిలోకి తీసుకుని ఫోటో దిగారు. పూలదండ వృథా కాలేదు. తిరుగుదారిలో మరో ఇల్లుంది.

అర్జీ పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. ఎనిమిదో రోజుకి మంచం ఇస్తామన్నారు. బావ నాలుగో రోజు తెల్లవారకముందే పోయాడు. ఈసారి ఫోన్ చేసింది అక్క. "మీ బావ పోయాడు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది.

ఆ రోజు జాబితాలో మూడో పేరు బావది. నా చేత్తోనే రాశాను. మంత్రిగారు పెన్నుతో దాన్ని కొట్టేశారు.

"ఈ ఇంటికి మొన్ననే వెళ్ళొచ్చాంగా."

"అప్పుడాయన బతికే ఉన్నాడు సార్."

"తెలుసయ్యా. నాకు మాత్రం బాధ లేదా? కానీ ఎన్నికలకి పద్దెనిమిది రోజులే ఉన్నాయి, ఒకే ఇంటికి రెండుసార్లు పోలేం. నువ్వు మధ్యాహ్నం వెళ్ళు. ముందు ఈ మొదటి ఇల్లు చూసుకొద్దాం పద."

రానని అనొచ్చు. కారెక్కాను.

పోయినతను లారీ డ్రైవరట. మంత్రిగారు లోపలికి వెళ్ళి అతని భార్య పక్కన కూర్చున్నారు. నేను మామూలుగా గుమ్మం బయటే నిలబడతాను. ఆవిడ "నిన్నటిదాకా బాగానే ఉన్నాడండీ" అనేసరికి నాలో ఏదో తెగిపోయింది. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి కోసం గుమ్మం పట్టుకుని, పదిమందీ చూస్తుండగా, బావురుమని ఏడ్చాను. ఎవరో వచ్చి నన్నే ఓదార్చారు.

కారులో మంత్రిగారు తన రుమాలు నా చేతిలో పెట్టారు.

"ఇంటిల్లిపాదీ నిన్నే చూశారయ్యా ఇవాళ. నీ ఏడుపు వాళ్ళ మనసుకి పట్టింది. ఇకనుంచి బయట నిలబడకు, నాతోపాటు లోపలికే రా."

"అలాగే సార్" అన్నాను.