మైసయ్య ఎక్కని ఓడ

మా అక్క ఎల్లవ్వ బొటనవేలు చీరకొంగులో చుట్టి దాచుకొని కూర్చుంది. ఆ వేలిముద్ర కాగితం మీద పడితేనే నా మేనల్లుడు భూపతి పరదేశం పోతాడు. తపాలా సంచి ఎక్కించుకొని పట్నం బస్సు మా సిద్దిపేట నుంచి మధ్యాహ్నం కదులుతుంది. అప్పటికి కాగితం అందకపోతే ఆ జాగా ఇంకొకడికి పోతుంది.

భూపతి పట్నంలో పశువుల డాక్టరీ చదువుతున్నాడు. రెండో ప్రపంచ లడాయి ముగిసిన మరుసటి ఏడు వాళ్ల కాలేజీ వీణ్ణి ఎంచి, ఆరు నెలల చదువుకు బయటి దేశం పంపుతానంది. సిలోన్ కావాలో, స్కాట్లాండ్ కావాలో రాసి, తల్లి వేలిముద్ర వేయించి పంపమంది. సిలోన్‌లో బర్రెల చదువు, స్కాట్లాండ్‌లో గొర్రెల చదువు. మేం గొర్రెలు కాసే కుర్మోళ్లం. కిందటేడు చిటుకు రోగంతో మా మందలో నలభై గొర్రెలు వారంలో పడిపోయాయి. వాడికి స్కాట్లాండే కావాలి.

అక్కకేమో చలి భయం. ఆ భయం పెట్టింది నేనే. మొదటి లడాయిలో ఓడెక్కి ఆ దేశాలన్నీ తిరిగొచ్చానని పాతికేళ్లకు పైగా చెబుతున్నాను. అక్కడ చలికి నా నీడ గోడకు అతుక్కుపోతే, పొద్దెక్కాక ఊడబెరుక్కొని వచ్చానన్నాను. ముక్కు రాలిన దొరలు సంతలో కొత్త ముక్కు కొనుక్కుంటారన్నాను.

"ముక్కులు రాలే దేశానికి నా కొడుకును తోలను. సిలోన్ రాయి బిడ్డా, ముద్రేస్త," అంది అక్క.

"మామ ముక్కు సక్కగనే ఉంది గదనే అవ్వా!" అన్నాడు భూపతి.

"మైసయ్య మొండోడు. నువ్వు సర్ది పడితెనే మంచమెక్కుతవ్."

భూపతి నావైపు తిరిగాడు. "నువ్వే చెప్పు మామా. గాడ బతుకుడైతదా?"

"అక్కా, నేను ఓడెక్కలే. బొంబాయి రేవుల మూటలు మోసిన. ఓడను జూసి దడుసుకోని ఉరికొచ్చిన."

అక్క పకపకా నవ్వింది. "సూడు, మేనల్లుని కోసం ఎంత అబద్ధమాడ్తుండో!"

పాతికేళ్ల కోతలు నమ్మిన మనిషి ఒక్క నిజం నమ్మలేదు. పొద్దు నడినెత్తికి వస్తోంది. భూపతి తల వంచుకొని సిలోన్ అని రాయబోయాడు.

నా భుజం మీది గొంగడి నేల మీద పరిచాను. దేవుని గూట్లోంచి మల్లన్న బండారి, అదే పూజ పసుపు, తెచ్చి దాని మీద పోసి అరచెయ్యి ఆనించాను. గొంగడి మీద బండారి ముట్టి అబద్ధమాడితే మంద మిగలదని మా నమ్మకం. ఎన్ని కోతలు కోసినా నేను దాని జోలికి ఏనాడూ పోలేదు. అది అక్కకు తెలుసు.

"మల్లన్న తోడు. నేను ఓడెక్కలే."

నవ్వు ఆగిపోయింది. "మరి గోడకు అతికిన నీడ?"

"నేనే పుట్టిచ్చిన."

"దొరల ముక్కులు?"

"అవ్వి గూడ."

"థూ, నీ బతుకు చెడ! పాతికేండ్లు జొన్నరొట్టె పెట్టుకుంట విన్న గదరా!"

తిడుతూనే కొంగు విప్పి వేలు చాచింది. భూపతి స్కాట్లాండ్ అని రాసి, వేలికి సిరా పూసి, ముద్ర ఆరకముందే బస్సు వైపు పరుగెత్తాడు. కాసేపటికి రొప్పుతూ తిరిగొచ్చి, "అందింది" అని పెట్టె సర్దుకోవడానికి లోపలికి వెళ్లాడు.

అక్క గడప మీద కూర్చొని ఉంది. "నిజంగ గాడ సలి ఎంతుంటదిరా?"

"తెల్వదక్కా."

"ఓడ మునుగదు గద?"

"గదీ తెల్వదు."

"గట్లయితె నువ్వు గూడ కూసో. ఇద్దరం కలిసి భయపడుదాం."

కూర్చున్నాను.