తగ్గని బరువు

చమురు బావి తవ్వే రిగ్గు మీద మడ్ అంటే, నేల తొలిచేటప్పుడు బోరులోకి పంపే చిక్కటి బురద. పైకి వచ్చేటప్పుడు అది రాతిపొడిని మోసుకొస్తుంది. గిర్రున తిరిగి ఆ పొడిని విసిరికొట్టే సెంట్రిఫ్యూజ్ మిషన్ నడిపేది నేను. మడ్‌ను తూచి బాగోగులు చెప్పే ఇంజనీరు మా బావగారు, అంటే నా భార్యకు సొంత అన్న. మా ఇద్దరినీ ఒకేచోట పడేసిన మహానుభావుడెవరో గాని, వాడి మీద నాకింకా కోపం చల్లారలేదు.

ఇది జరిగిన మర్నాడు ఉదయం ఊళ్ళో నా భార్యకు ఆపరేషన్. సాయంత్రం నాలుగింటి బస్సు తప్పితే మళ్ళీ రెండు రోజుల దాకా లేదు.

"మడ్ బరువు ఒకటి పాయింటు పదిహేనుకు దిగందే నువ్వు మిషన్ వదలడానికి వీల్లేదు బావా" అన్నారాయన పొద్దున్నే.

వేగం పెంచాను. లోపలికొచ్చే మడ్ తగ్గించాను. పక్కన రాతిపొడి నడుమెత్తు కుప్ప పడింది. గంటకోసారి ఆయన వచ్చి, త్రాసు గిన్నెలో మడ్ నింపి, తూచి, పెదవి విరిచేవారు. "ఒకటి పాయింటు ఇరవై రెండు!"

"ఇంత పొడి బయటపడితే బరువు దిగకుండా ఎలా ఉంటుందండీ?"

"త్రాసు అబద్ధమాడుతుందా? నీ మిషనే సరిగ్గా తిరగట్లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

గిన్నె లాక్కుని మంచినీళ్ళు నింపాను. మంచినీళ్ళు సరిగ్గా ఒకటి తూగాలి. ఒకటి పాయింటు సున్నా ఏడు తూగాయి.

"నీళ్ళక్కూడా రాతిపొడి పట్టిందాండీ?"

గిన్నె లోపల గోరుతో గీకాను. ఎన్నాళ్ళదో ఎండిన మడ్ పెచ్చులుగా ఊడింది. కడిగి, మడ్ నింపి మళ్ళీ తూచాను. ఒకటి పాయింటు పదిహేను.

"రోజూ గుడ్డతో తుడుస్తూనే ఉన్నాను..." అని నసిగారు.

"తుడవడం కాదండీ, కడగాలి!" అని గిన్నె కడిగి ఆయన చేతిలో పెట్టాను.

ఫోను మోగింది. నా భార్య. రాలేకపోతున్నానని చెప్పాను.

"సరేలెండి. అన్నయ్య ఉండి కూడా మిమ్మల్ని పంపలేదంటే నిజంగానే కుదరలేదన్నమాట. తననేమీ అనకండి" అంది.

ఫోను ఆయన చేతికిచ్చాను. బావగారు తడి గిన్నె కింద పెట్టి, చేతులు చొక్కాకు తుడుచుకుని అందుకున్నారు. అవతల చెల్లెలు "అన్నయ్యా, అన్నయ్యా" అంటూనే ఉంది. ఈయన కింద పెట్టిన గిన్నెను మళ్ళీ ఎత్తి, లోపల గోరుతో గీకసాగారు.